నా మ్యూచువల్ సునీత

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఢిల్లీలో మా చర్చి ఆవరణలో చాయ్ ఇస్తారు. నేను గ్లాసు పట్టుకుని ఎండలో కుర్చీ వేసుకున్నానో లేదో, కటవారియా సరాయ్‌లో గదులు తీసుకుని నర్సింగు పోస్టుల పరీక్షలకు చదువుకుంటున్న మన అమ్మాయిలు నలుగురు వచ్చి చుట్టూ చేరతారు. ఒకమ్మాయిది ఒంగోలు, ఒకమ్మాయిది తుని, ఏలూరు పిల్లలు ఇద్దరు. అందరిదీ ఒకటే ప్రశ్న. సెలక్షన్ వస్తే పోస్టింగుకి ఢిల్లీ రాయాలా, మనవైపు రాయాలా? ఇక్కడైతే పెద్ద ఆసుపత్రిలో పని నేర్చుకోవచ్చు, రేపు పుట్టబోయే పిల్లలకు మంచి చదువులు, ‘మీరేవిట్లు’ అని కులం ఆరా తీయని ఇరుగుపొరుగు. అక్కడైతే అమ్మ, అక్క, మన మాట, మన కూర. ఎటు మొగ్గమంటారు ఆంటీ అంటారు.

నేను ముప్ఫై ఆరేళ్ళు ఒక కేంద్ర ప్రభుత్వ శాఖ ఆసుపత్రిలో, పిల్లల వార్డులో పనిచేసి రెండేళ్ళ క్రితం రిటైరయ్యాను. ఏ శాఖ, ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అవసరం లేదు. ప్రమోషన్లు, మెమోలు, మెచ్చుకోలు పత్రాలు అన్నీ సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, సరదా ఉన్నవాళ్ళు అక్కడ చూసుకోవచ్చు. అందులో లేనిది ఒకటుంది. ఆ పిల్లల మొహంలోకి చూస్తూ చెప్పే ధైర్యం చాలక కాగితం మీద పెడుతున్నాను.

మొదటి పాఠం

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. పెళ్ళయిన ఏడాదికే ఉద్యోగం వచ్చి, డిసెంబరు నెలలో ఒక పల్చటి స్వెట్టరేసుకుని ఢిల్లీలో దిగాను. ఆయన ఒక ప్రైవేటు కంపెనీలో డ్రాయింగులు గీసే పని వెతుక్కుని నా వెనకే వచ్చారు. హిందీ రాదు, చలికి వేళ్ళు వంగవు, సిరంజి పట్టుకోవాలంటే ముందు చేతులు వేడినీళ్ళలో ముంచుకోవాలి.

వృత్తిలో నాకు మొదటి పాఠం చెప్పింది డాక్టరు కాదు. మా శాఖ కట్టడాల్లో ఇటుకలు మోసే ఒకావిడ. బుందేల్‌ఖండ్ నించి వచ్చినవాళ్ళు. పిల్లాడికి నిమోనియా. జ్వరం తగ్గీ తగ్గకముందే, నాలుగో రోజున, ఊరెళ్ళిపోతాం పంపించమని కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లాడి ప్రాణం కంటే ఊరెక్కువా అని వచ్చీరాని హిందీలో కేకలేశాను. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోకుండా చెప్పింది, ఇక్కడ వీడు ఏడిస్తే నాకొక్కదానికే వినపడుతుంది సిస్టర్, అక్కడ ఏడిస్తే పదిళ్ళవాళ్ళు పరిగెత్తుకొస్తారు అని. బతిమాలి ఇంకో మూడు రోజులు ఉంచాను, పిల్లాడు కోలుకున్నాడు. కానీ ఆ తర్వాత సొంతూరు వెళ్తానన్న మనిషిని నేనెప్పుడూ కసరలేదు. అప్పటికి నాకూ అదే జబ్బు పట్టుకుంది మరి.

సంబంధాల బోర్డు

మా శాఖ ఆసుపత్రులు దేశమంతా ఉన్నాయి. ఒక రాష్ట్రం నించి ఇంకో రాష్ట్రానికి మారాలంటే కాస్త సులువైన దారి ఒకటే, దాన్ని మ్యూచువల్ అంటారు. నేను గుంటూరు వెళ్ళాలంటే, గుంటూరులో ఉండి ఢిల్లీ కావాలనుకునే నర్సు ఒకరు నాకు దొరకాలి. ఇద్దరం ఒకే దరఖాస్తు మీద సంతకాలు పెట్టాలి. ఆర్డరు చేతికొచ్చేలోగా ఎవరు వెనక్కి తగ్గినా ఇద్దరి బదిలీ పోయినట్టే.

ఇప్పుడు దీనికి వాట్సాప్ గ్రూపులున్నాయి. మా రోజుల్లో నర్సుల డ్యూటీ గది బయట ఒక బోర్డుండేది. ‘ఢిల్లీలో ఉన్నాను, గుంటూరు గానీ విజయవాడ గానీ కావాలి’ అని చీటీ రాసి పిన్ను గుచ్చేవాళ్ళం. అచ్చం పెళ్ళి ప్రకటనలే. మేం వేళాకోళానికి దాన్ని సంబంధాల బోర్డు అనేవాళ్ళం. ఎదురుపడిన వాళ్ళల్లా, ఏం ఎస్తేర్, సంబంధం కుదిరిందా అని అడిగేవాళ్ళు. కేరళ పిల్లల చీటీలు వారం వారం మారేవి. ఉద్యోగంలో చేరిన అయిదేళ్ళకి పెట్టిన నా చీటీ మాత్రం తొమ్మిదేళ్ళుంది. పచ్చబడినప్పుడల్లా మళ్ళీ కొత్త కాగితం మీద రాసి పెట్టేదాన్ని. గుంటూరులో సుఖంగా ఉన్న ఏ తెలుగు పిల్ల ఢిల్లీకి వస్తానంటుంది చెప్పండి?

అంతగా అక్కడేముంది అని ఇక్కడివాళ్ళు అడిగేవాళ్ళు. ఏముందంటే ఏం చెప్తాం. పెనుమూడి రేవు వైపు నించి వచ్చే గాలి ఉంది. పొద్దున్నే పాసింజరు బండి కూత విని పొయ్యి వెలిగించే మా పెద్దక్క ఉంది. నాలుగిళ్ళవతల ఎవరో దగ్గితే అది ఎవరి దగ్గో చెప్పగలిగినంత ఎరిక ఉంది. ఇక్కడ మా అబ్బాయి తెలుగు అంతా అర్థం చేసుకుని హిందీలో బదులిచ్చేవాడు. అన్నం పెట్టనా నాన్నా అంటే, కొంచెం అనడానికి ‘థోడా సా’ అనేవాడు. వాడి తప్పేం లేదు. కానీ నాకు ఏడుపొచ్చేది, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని కూడా.

చీటీ పెట్టిన పదో ఏట ఒక మధ్యాహ్నం వార్డు ఫోను మోగింది. అవతల హిందీ గొంతు. పేరు సునీత. ఢిల్లీ అంచున నజఫ్‌గఢ్ దగ్గర అత్తవారిల్లు. దేశమంతటికీ కలిపి జరిగిన సెలక్షన్‌లో గుంటూరు వచ్చింది. పర్మనెంటు ఉద్యోగం వదులుకోకూడదని ఇంట్లోవాళ్ళే పంపించారు, ఏడాదిన్నర కూతురు పింకీని మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. ఆరు నెలల్లో మ్యూచువల్ దొరుకుతుందిలే అన్నారు. ఫోను చేసే నాటికి పిల్లకి మూడేళ్ళు.

ఆమెకి నేను దొరికాను, నాకు ఆమె దొరికింది. ఆ రోజు వార్డంతా మిఠాయి పంచాను.

మ్యూచువల్ కుదిరిన వాళ్ళ మధ్య ఒక ఆనవాయితీ ఉండేది. బరువైన సామాన్లు మోసుకుపోకుండా ఒకరివి ఒకరికి వదిలేసేవాళ్ళు. నా కూలరు, చలికి కప్పుకునే రజాయిల పెట్టె ఆమెకి. ఆమె మంచం, గ్రైండరు, పెరట్లో కరివేపాకు మొక్క నాకు. ఆమె అక్కడి నించి ముందుగా ఒక ట్రంకు పెట్టె మా క్వార్టరుకి పంపింది. ఆయన ఆఫీసులో రాజీనామా ఇచ్చేస్తానని చెప్పేశారు. మా ఇంట్లో అయితే పండగే.

మునగచెట్టు

మా నర్సింగ్ సూపరింటెండెంటు లీలమ్మ మేడం. కొట్టాయం మనిషి, పనిలో రాక్షసి. ఆమె దగ్గర నేర్చుకోని విద్య లేదు నాకు. అప్పుడే మా ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లలకోసం కొత్త యూనిట్ పెడుతున్నారు. ఆర్డరు ఇంకో వారంలో వస్తుందనగా ఆమె నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించింది. పదిహేనేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

ఎస్తేర్, నువ్వు వెళ్ళిపోతే ఈ యూనిట్ మూసెయ్యడమే అంది. నీ చేతిలో పడ్డ పిల్ల బతుకుతుంది, ఇంకెవరి చేతిలో పెట్టను అంది. ఇంకా చాలా అంది. నేను ఉబ్బి తబ్బిబ్బయిపోయాను. మా ఊళ్ళో దీన్ని మునగచెట్టు ఎక్కించడం అంటారు. ఆ చెట్టు కొమ్మలు ఎంత పెళుసో చిన్నప్పటి నించీ తెలిసినదాన్ని, తెలిసే ఎక్కాను.

రెండు రోజులు ఆలోచించాననుకున్నాను. నిజానికి ఆలోచించలేదు, ఆవిడ మాటల్నే మళ్ళీ మళ్ళీ తీపిగా నెమరేసుకున్నాను. మూడో రోజు దరఖాస్తు కింద ‘ఉపసంహరించుకుంటున్నాను’ అని రాసి సంతకం చేశాను. ఆయన నాలుగు రోజులు రేడియో పెట్టలేదు, అంతే. ఆయన కూడా ఎంత ఎదురుచూశారో నాకు అప్పుడు తెలిసింది.

లీలమ్మ మేడం చెడ్డదేం కాదు. యూనిట్ నడపాలి, మనిషిని ఆపుకోవాలి, ఆ మాట ఆవిడ అనాల్సిందే. నమ్మకపోవడం నా పని. నువ్వు లేకపోతే నడవదు అన్న బాసు ఎదురైతే నమస్కారం పెట్టి బయటికి వచ్చెయ్యండి, కుర్చీలో మాత్రం కూర్చోకండి.

నడిచిందా లేదా అంటారా? ఆ ఏడాదే నాకు టైఫాయిడ్ వచ్చి నలభై రోజులు మంచాన పడ్డాను. ఫలానా డబ్బా ఎక్కడుందని అడగడానికైనా ఒక్క ఫోను రాలేదు. తిరిగి వెళ్ళేసరికి యూనిట్ తళతళలాడుతోంది. నేను పెట్టిన బీరువాలు కూడా మార్చేశారు, ముందుకంటే వీలుగానే ఉన్నాయి. ఆ రోజు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

నజఫ్‌గఢ్‌లో చాయ్

కానీ నేను చేసిన అసలు తప్పు ఆ సంతకం కాదు.

ఉపసంహరించుకున్నానని సునీతకి ఫోను చేసి చెప్పాను. ఆమె హిందీలో మెల్లగా అంది. "దీదీ, ఆ పెట్టెలో పింకీకి కుట్టిన ఫ్రాకులున్నాయి. మా ఇంట్లో ఇచ్చి రండి. నేను రానిది ఎందుకో కూడా మీరే చెప్పండి. నేను చెప్తే నమ్మరు."

పెట్టె తెరిచాను. ఆరు ఫ్రాకులు. మూడేళ్ళకి సరిపోయేవి రెండు, నాలుగేళ్ళకి రెండు, ఇంకా పెద్దవి రెండు. పిల్ల ఎంత ఎదిగిందో కళ్ళారా చూడక, వయసుని బట్టి ఊహించి కుట్టిన కొలతలు.

ఒక ఆదివారం చర్చి నించి నేరుగా బస్సెక్కి వెళ్ళాను. వాకిట్లో నులకమంచం మీద సునీత అత్తగారు, పక్కన పీట మీద తోడికోడలు, ఆవిడ ఒళ్ళో పింకీ. ఆ పిల్ల తోడికోడల్ని మమ్మీ అంటోంది. నేను ఫ్రాకుల మూట ఇచ్చి, సునీత ఇప్పుడు రావడం లేదు అన్నాను.

అత్తగారు నవ్వి, పిల్ల వింటుండగానే అంది. "అచ్ఛా. నౌకరీ రుచి మరిగిందన్నమాట. పిల్ల కంటే అదే ముద్దయింది."

అప్పుడు చెప్పాలి నేను. ఆమె తప్పు కాదమ్మా, ఆమె సంతకం అలాగే ఉంది, వెనక్కి తగ్గింది నేను, తిట్టాలంటే నన్ను తిట్టండి అని చెప్పాలి. అందుకే పంపింది ఆమె నన్ను. నోరు తెరిచాను. అంతలో చాయ్ తెచ్చి ఇచ్చారు. నాలుగు జతల కళ్ళు నన్నే చూస్తున్నాయి. నాకు సిగ్గేసింది, భయమేసింది.

చాయ్ చాలా బాగుంది అన్నాను. తాగి వచ్చేశాను.

ముప్ఫై ఆరేళ్ళలో చిన్న చిన్న పొరపాట్లు చేశాను. ఒకసారి మందుల చీటీలు తారుమారు చేశాను, ఒకసారి ఒక తండ్రి మీద అన్యాయంగా అరిచాను. వాటన్నిటికీ అప్పటికప్పుడు క్షమాపణ అడిగి దిద్దుకున్నాను. దీన్ని మాత్రం దిద్దుకోలేదు. సునీత ఫోను చేసి, చెప్పారా దీదీ అంటే, చెప్పానమ్మా అన్నాను.

బోర్డు మీద మళ్ళీ చీటీ పెట్టడానికి చెయ్యి రాలేదు. మనవైపు పోవాలన్న కోరిక చావలేదు, అడిగే మొహం చచ్చిపోయింది.

అన్నం డబ్బా

నాలుగేళ్ళ తర్వాత సునీతకి ఇంకో మ్యూచువల్ దొరికింది, మా ఆసుపత్రిలోనే వేరే తెలుగు నర్సుతో. వచ్చి చేరింది మా వార్డులోనే. ఆమె వస్తోందని తెలిసిన నాటి నించి నాకు నిద్ర లేదు. ఏమంటుందో, అందరి ముందూ నిలదీస్తుందేమో అని హడలిపోయాను.

మొదటి రోజు మధ్యాహ్నం నేను అన్నం డబ్బా తెరిచి, ఏం చెయ్యాలో తోచక, తిందువు రామ్మా అన్నాను. తెలుగులో అనేశాను, కంగారులో. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. మూత మీద ముద్ద పెట్టుకుని, "పప్పుచారా అక్కా? ఏందీ, వడియాలు తేలా?" అంది.

నేను తెల్లబోయాను. అచ్చమైన గుంటూరు మాట. గుంటూరులో ఉన్న ఆరేళ్ళలో ఆ పిల్ల యాసతో సహా నేర్చేసుకుంది. మా పెద్దక్క ఎలా సాగదీస్తుందో అలాగే సాగదీస్తోంది.

ఆ రోజు నించి పదిహేడేళ్ళు ఒకే డబ్బాలోంచి తిన్నాం. వార్డులో మేమిద్దరం తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. అందరూ నన్ను చూసి కాదు, ఆమెని చూసి ఆశ్చర్యపోయేవాళ్ళు. ఇంజక్షనంటే ఏడ్చే పిల్లల్ని, "అయిపాయె, అయిపాయె, ఏం కాలా" అని ఊరుకోబెట్టేది. హర్యానా పిల్లలకు ఆ మాటలు ఏం అర్థమయ్యేవో, ఊరుకునేవాళ్ళు. ఆయన పోయాక ఇంట్లో తెలుగు మాట లేకుండా పోయింది నాకు. ఉన్నదంతా ఆ డబ్బా దగ్గరే. విచిత్రం చూడండి, నా ఊరు నాకు దక్కింది నేను అన్యాయం చేసిన మనిషి నోట్లోంచే.

ఆమె ఇల్లు మాత్రం చక్కబడలేదు. ఆమె వచ్చేనాటికి పింకీకి ఏడేళ్ళు, తల్లి పిలిస్తే తోడికోడలి కొంగు వెనక దాక్కునేది. ఆవిడ మమ్మీ, ఈమె ఛోటీ మమ్మీ, అంటే చిన్నమ్మ. తర్వాత దాక్కోవడం మానేసింది, మర్యాదగా ఉండేది. ఛోటీ మమ్మీకి నౌకరీ ఎక్కువ అన్న మాట ఆ ఇంట్లో సామెతలాగా స్థిరపడిపోయింది. సునీత ఒక్కనాడూ నన్ను నిలదీయలేదు. మంచిదే అనుకున్నాను. అమ్మయ్య అని కూడా అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

పింకీ వచ్చిన రోజు

పింకీ కూడా నర్సయింది. పెళ్ళయింది, కొడుక్కి ఏడాదిన్నర. ఈ మధ్య ఒక శనివారం మధ్యాహ్నం ఢిల్లీ ద్వారకలో మా ఫ్లాటుకి ఒక్కతే వచ్చింది. బెంగళూరులో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందట. ఇక్కడికంటే అన్ని విధాలా బాగుంటుంది, నాలుగేళ్ళు చేస్తే ఏ దేశమైనా వెళ్ళొచ్చు. భర్తకి అక్కడికి బదిలీ కావడానికి ఏడాది పైన పడుతుంది. పిల్లాణ్ణి అత్తగారు ఉంచుకుంటానన్నారు. మీరు అనుభవం ఉన్నవారు, ఏమంటారు ఆంటీ అంది.

ఏడాదిన్నర పిల్లాణ్ణి వదిలి ఉండగలవా అన్నాను.

ఆ పిల్ల కోపం లేకుండా, మామూలుగా చెప్పింది. "ఛోటీ మమ్మీ నన్ను వదిలి వెళ్ళలేదా ఆంటీ? నాకేమైంది? బతికాను కదా. వాడూ బతుకుతాడు."

నాకు వాకిట్లో నులకమంచం కనబడింది. చాయ్ గ్లాసు కనబడింది. మింగిన మాట ఇన్నేళ్ళకీ గొంతులోనే ఉంది.

లేచి వెళ్ళి నా బైబిలు జిప్పు కవరులోంచి ఆ దరఖాస్తు నకలు తీసుకొచ్చాను. రెండు సంతకాలు పక్కపక్కనే ఉన్నాయి. కింద నా చేతిరాతతో ఉపసంహరణ, నా సంతకం మళ్ళీ. పింకీ ముందు పెట్టి, మొత్తం చెప్పాను. లీలమ్మ మేడం కుర్చీ, ఆరు ఫ్రాకులు, మీ నాయనమ్మ అన్న మాట, నేను మెచ్చుకున్న చాయ్. నీకప్పుడు మూడేళ్ళు, నువ్వు ఎదురుగానే ఉన్నావు, నీ తల్లి నిన్ను వదల్లేదు, రానివ్వకుండా చేసింది నేను అని చెప్పాను.

పింకీ కాగితం చేతిలోకి తీసుకుని మూడు సంతకాలూ చదివింది. ఛోటీ మమ్మీకి తెలుసా, మీరు మా ఇంట్లో ఏమీ చెప్పలేదని, అని అడిగింది. తెలియదు అన్నాను. కాగితం మడిచి పర్సులో పెట్టుకుని, నేను తీసుకెళ్తున్నాను అని వెళ్ళిపోయింది. చాయ్ తాగలేదు.

ఆ సాయంత్రం సునీతకి నేనే ఫోను చేశాను. పింకీ చెప్పేలోగా నేను చెప్పాలి కదా. మొదలుపెట్టాను, సగంలోనే ఆపింది.

"నాకు తెలుసక్కా."

"ఎప్పటి నించి?"

"ఆ వారం నించే. మా అత్త ఫోన్ చేసి తిట్టింది. నీ సావాసగత్తె వచ్చి చాయ్ తాగి పోయింది, నీకే రావాలని లేదంట అన్నది."

మరి నన్నెందుకు అడగలేదే అన్నాను.

"అడుగుదామనే వచ్చా ఢిల్లీకి. దులిపేద్దామనే వచ్చా. వచ్చిన రోజే నువ్వు డబ్బా తెరిచి తిందువు రామ్మా అన్నావు. ఇంట్లో నా కూతురే నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూస్తంది. నాతో కూర్చుని తినేదానివి నువ్వొక్కదానివే. అడిగితే అదీ పోద్దిగా."

తల్లీకూతుళ్ళ మధ్య ఏం జరిగిందో నాకు పూర్తిగా తెలీదు. ఆ రాత్రి పింకీ వచ్చి కాగితం పరిచి, ఆ ఫ్రాకులు చేత్తో కుట్టావా, మిషన్ మీదా అని అడిగిందని మాత్రం సునీత చెప్పింది.

బండి

నెల తిరక్కుండా తేలిపోయింది. పింకీ బెంగళూరు వెళ్తోంది, పిల్లాణ్ణి తీసుకునే వెళ్తోంది. పిల్లాణ్ణి చూసుకోడానికి సునీత వి.ఆర్.ఎస్. తీసుకుని కూతురితో వెళ్తోంది. సునీత భర్త పోయి ఆరేళ్ళయింది, ఆమెని ఆపేవాళ్ళెవరూ లేరు. అడిగింది పింకీయేనట. నాకోసం రాలేకపోయావు, వాడికోసం రా అందట.

ఈ కబురు చెప్పినప్పుడు సునీత మొహం చూసి తీరాలి. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక గానీ తెలిసిరాలేదు, నా పదిహేడేళ్ళ అన్నం డబ్బా వెళ్ళిపోతోందని.

వెళ్ళే ముందు తన కూలరు, తన రజాయిల పెట్టె ఆటోలో వేయించుకుని మా ఇంటికి తెచ్చింది. "బెంగళూరులో వీటితో పనేముందక్కా? మ్యూచువల్ అంటే బరువు సామాన్లు ఉండేవాళ్ళకే వదిలేస్తారుగా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం, ఇద్దరం ఏడ్చాం.

పిల్లలూ, మీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఢిల్లీ వస్తే ఊరికోసం ఏడుస్తారు, అక్కడే ఉంటే రాకపోతినే అని ఏడుస్తారు. దూరపు కొండలు నునుపు అంటారు గానీ, ఆ కొండలు నాకు దగ్గరి నించీ తెలుసు, నిజంగానే నునుపు. మా పెద్దక్క ఇప్పటికీ వచ్చెయ్యవే అంటుంది. కొడుకూ మనవరాలూ గురుగ్రామ్‌లో ఉన్నారు, మా ఊళ్ళో నన్ను ఎరిగినవాళ్ళు సగంమంది సమాధుల తోటకి చేరారు. ఇంకా తేల్చుకోలేదు, నవ్వుకుంటే నవ్వుకోండి. మీరు ఎటు వెళ్ళినా నాకు పేచీ లేదు. మీ సంతకం పక్కన ఇంకెవరి సంతకం ఉందో చూసుకోండి. ఆ మనిషి ఇంట్లో మీ గురించి నిజం చెప్పాల్సి వస్తే చాయ్ రాకముందే చెప్పెయ్యండి.

వాళ్ళని బండెక్కించి వచ్చిన మర్నాడు, పొద్దున పది గంటలప్పుడు, ఫోను మోగింది.

"అక్కా, బండి మనవైపుకొచ్చిందే. బోర్డంతా తెలుగే" అంటోంది సునీత. వెనక కిటికీ దగ్గర ఇడ్లీలమ్మే అతని కేక వినిపిస్తోంది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అతనితో తగువు మొదలెట్టింది. "ఏందయ్యా ఇది, చట్నీ పులిసిపోలా? రాత్రిదేనా?" అతను, "ఇప్పుడే రుబ్బిందమ్మా, నా మాట నమ్ము తల్లీ, కాస్త రుచి చూడు" అంటున్నాడు. ఇంకెవరో, "జరగండమ్మా, జరగండి" అంటున్నారు. ఒక పసిపిల్ల నీళ్ళు కావాలని ఏడుస్తోంది, వాళ్ళమ్మ, ఉండవే వస్తన్నా అంటోంది. అన్నీ నా చెవిలోకి వస్తున్నాయి.

సిగ్నల్ ఇచ్చారక్కా, ఉంటా మరి అంది.

ఫోను పెట్టెయ్యకు సునీతా, బండి కదిలేదాకా అలాగే పట్టుకో అన్నాను.